మెషీన్లు అద్దెకిచ్చేవాళ్ళు డిపాజిట్లు, కార్డు పేమెంట్లు ఎలా చూసుకోవాలి

పొద్దున్నే ఆరున్నరకి షట్టర్ ఎత్తేసరికే ఆటో వేసుకుని వచ్చి నిలబడతారు. గొల్లపూడిలో గోడ పగలగొట్టాలి, కూలీలు ఎనిమిదింటికల్లా వచ్చేస్తారు, బ్రేకర్ కావాలి, తొందరగా ఇచ్చేయండి అంటారు. ఆ తొందరలో మనం మాట్లాడకుండా వదిలేసిన ప్రతి మాటా సాయంత్రం ఏడింటికి గొడవై తిరిగొస్తుంది. "ఈ కేబుల్ పొద్దునే తెగి ఉందండీ" అని ఆయనంటాడు, "బాగున్నదే ఇచ్చాం కదా బాబాయ్" అని మనమంటాం, ఆయన ఐదు వేలు మన గల్లాపెట్టెలో ఉంటాయి కాబట్టి చివరికి మన మాటే నెగ్గుతుంది, కానీ ఆయన మళ్ళీ మన షాపు మెట్టెక్కడు.

విజయవాడ ఆటోనగర్ దగ్గర పదకొండేళ్ళుగా ఈ వ్యాపారం చేస్తున్నాను. బ్రేకర్లు, కట్టర్లు, కాంక్రీటు కుదించే వైబ్రేటర్లు, కాంక్రీటు కలిపే మిల్లర్లు, జనరేటర్లు, స్లాబు కింద నిలబెట్టే సెంట్రింగ్ జాకీలు. డిపాజిట్ విషయంలో నేను చేసిన తప్పులన్నిటికీ మూలం ఒక్కటే, అది నా డబ్బు అనుకోవడం. అది కస్టమర్ డబ్బు, మన దగ్గర దాచుకున్నాడు, అంతే. కింద చెప్పే ప్రతి పనీ అక్కడి నుంచే వస్తుంది.

ముందు ఎంత తీసుకోవాలో తేల్చుకోండి

మెషీన్ ధర మొత్తం డిపాజిట్‌గా అడిగితే ఎవరూ తీసుకోరు. మరీ తక్కువ అడిగితే పోయిన పార్టుకి కూడా సరిపోదు. నేను రెండు లెక్కలు కలుపుతాను. ఆ మెషీన్‌లో మామూలుగా పోయేది ఏమిటి, దాని ఖర్చు ఎంత, ఇది ఒకటి. చెప్పిన రోజుకి తేకపోతే రెండు మూడు రోజుల అద్దె ఎంత, ఇది రెండోది. మా బ్రేకర్ రోజు అద్దె 700. కేబుల్, ముందు బిగించే రెండు పాయింట్లు పోయినా మూడు వేల లోపే, దానికి మూడు రోజుల అద్దె కలిపితే ఐదు వేలు, అందుకే ఐదు వేలు తీసుకుంటాం. జాకీలకి ఈ లెక్క పనికిరాదు, అవి విరిగేవి తక్కువ, తగ్గేవి ఎక్కువ, కాబట్టి ఒక్కో జాకీకి ఇంత అని లెక్కపెట్టి తీసుకోవాలి. ఈ రేట్లు బోర్డు మీద రాసి గోడకి పెట్టండి. మనిషిని చూసి డిపాజిట్ పెంచడం, తగ్గించడం మొదలుపెడితే తర్వాత వచ్చినవాడికి సమాధానం చెప్పలేరు.

రెగ్యులర్ మేస్త్రీల సంగతి వేరు. ప్రతిసారీ ఐదు వేలు తీసుకోవడం, ఇవ్వడం ఇద్దరికీ విసుగే. అలాంటివాళ్ళ దగ్గర పది వేలు ఒకేసారి తీసుకుని రసీదు ఇచ్చి, ఏడాదంతా ఉంచేస్తాను, సంక్రాంతికి ముందు లెక్క చూసి, మానేస్తానంటే ఇచ్చేస్తాను. "మన మేస్త్రీయే కదా" అని డిపాజిట్ లేకుండా మాత్రం ఇవ్వకండి. ఆయన నమ్మకస్తుడే అయినా మెషీన్ వాడేది ఆయన దగ్గర ఆ వారమే చేరిన కుర్రాడు.

ఒక్క పేజీ కాగితం, తెలుగులో

ఇంగ్లీషులో పదిహేను షరతులు అచ్చువేయిస్తే ఎవరూ చదవరు. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీ చాలు. మెషీన్ పేరు, సీరియల్ నంబరు, తీసుకున్న తేదీ, టైము, తెచ్చివ్వాల్సిన తేదీ, టైము, రోజు అద్దె, డిపాజిట్ ఎంత, ఏ రూపంలో ఇచ్చారు. దాని కింద, ఏమైతే ఎంత కోత పడుతుంది. "డ్యామేజీ అయితే తగిన మొత్తం మినహాయించబడును" అని రాయకండి, ఆ "తగిన" దగ్గరే పోట్లాటంతా. వైబ్రేటర్ నీడిల్ నొక్కుకుపోతే ఇంత, కేబుల్ తెగితే ఇంత, మిల్లరు డ్రమ్ములో కాంక్రీటు గడ్డకట్టి వస్తే శుభ్రం చేయించడానికి ఇంత అని అంకెలు వేయండి. ఆ అంకెలు నిజంగా అయ్యే ఖర్చుకి దగ్గరగా ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, మీరు కాగితంలో ఎంత జరిమానా రాసుకున్నా, అందులో న్యాయమైన పరిహారం వరకే దక్కుతుంది. 400 కేబుల్‌కి రెండు వేలు కోస్తామని రాసుకుని కోర్టుకెళ్ళినా ప్రయోజనం లేదు.

ఈ కాగితంలో నేను చాలా ఏళ్ళు రాయని ఒక లైను ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా, అక్కడ ఒక ఇంట్లో మా ఫ్లోర్ పాలిషింగ్ మెషీన్ ఉంది. నీళ్ళు తీశాక, దాన్ని అద్దెకి తీసుకున్నాయన ఇంటికి నేను వెళ్ళేసరికి ఆ మెషీన్ గుమ్మం పక్కన పడి ఉంది, మోటారు గుల్లలో నుంచి బురద నీళ్ళు ఇంకా కారుతున్నాయి, స్విచ్చు మీద వేలు పెడితే బురద పొర ఊడొచ్చింది. రీవైండింగ్, బేరింగులు కలిపి తొమ్మిది వేలన్నారు. నా దగ్గర ఆయన డిపాజిట్ ఆరు వేలు. ఆయన ఇంట్లో ఫ్రిజ్జు, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ వీధిలో కుప్పగా ఉన్నాయి, ఆ కుప్ప పక్కన నిలబడి డిపాజిట్ ఇవ్వనని నేను ఎలా అంటాను? మూడు వేలు వెనక్కిచ్చి వచ్చేశాను. తర్వాత ఒక లాయరు గారిని అడిగితే, అదే చట్టం 151, 152 సెక్షన్లు చెప్పారు. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత సామానుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అద్దెకి తీసుకున్నవాడు మన సామానునీ అంతే జాగ్రత్తగా చూసుకోవాలి, అలా చూసుకున్నా పోయిందంటే, వేరే ఒప్పందం లేనప్పుడు అతను బాధ్యుడు కాడు. అంటే ఆ మూడు వేలు ఉంచుకునే హక్కు కూడా నాకు లేకపోయి ఉండొచ్చు. అందుకే ఇప్పుడు మా కాగితంలో "వరద, అగ్ని ప్రమాదం వల్ల పాడైతే రిపేరు ఖర్చు సగం సగం, నీళ్ళు వస్తున్నాయని తెలిసిన వెంటనే ఫోన్ చేస్తే మా ఆటోలో మేమే వచ్చి తీసుకెళ్తాం" అని ఉంటుంది. మీరు ఇంకోలా రాసుకోండి, కానీ ఏదో ఒకటి రాసుకోండి. దొంగతనానికి కూడా ఒక లైను ఉండాలి. గడువు దాటితే సంగతి వేరు, చెప్పిన టైముకి తిరిగివ్వకపోతే ఆ తర్వాత జరిగే నష్టానికి తీసుకున్నవాడే బాధ్యుడని 161వ సెక్షన్ చెబుతుంది. కాగితం మీద టైము కూడా వేయమనేది అందుకే.

గుర్తింపు కోసం ఆధార్ గానీ లైసెన్సు గానీ జిరాక్స్ చాలు. ఒరిజినల్ ఉంచుకోకండి. చాలామంది లైసెన్సు గల్లాలో పెట్టుకుంటారు, ఆ మనిషి వారధి మీద పోలీసులు ఆపితే ఏం చూపిస్తాడు? ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవచ్చు, జిరాక్స్ మీద "మెషీన్ అద్దె కోసం" అని, తేదీ వేసి ఆయనతోనే సంతకం పెట్టించండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు తీసుకునే అలవాటు కూడా మనవైపు ఉంది. నేను మానేశాను. ఆ చెక్కు మీద అంకె మనం రాసిన రోజున, అంత బాకీ నిజంగా ఉందా అనేదే మొదటి ప్రశ్న అవుతుంది.

సామాను చేతికిచ్చేటప్పుడు

కస్టమర్ ముందే మెషీన్ ఆన్ చేసి చూపించండి. ఫోన్‌లో నిమిషం వీడియో తీయండి. బ్రేకర్ అయితే ప్లగ్గు నుంచి మొదలుపెట్టి కేబుల్ వెంబడి వేలు పోనిస్తూ హ్యాండిల్ దాకా రండి, పాయింటు మొన దగ్గర ఆగండి, సీరియల్ నంబరు ప్లేటు కనపడాలి, చివర్లో మెషీన్ ఆడుతున్న శబ్దం వినపడాలి. జనరేటర్ అయితే అవర్ మీటర్ రీడింగు, డీజిల్ ఎంతుందో చూపించే గేజీ. పాత గీతలు, సొట్టలు ఉంటే దాచొద్దు, వాటినే దగ్గరగా తీయండి, "ఈ సొట్ట ముందు నుంచీ ఉందండీ" అని మీరే చెప్పండి. ఆ మాట విన్న కస్టమర్ సాయంత్రం మీతో వాదించడు. ఆ వీడియో ఆయనకి వాట్సాప్‌లో పంపండి. మీ ఒక్కరి ఫోన్‌లోనే ఉంటే అది మీ సాక్ష్యం, ఇద్దరి దగ్గరా ఉంటే గొడవే ఉండదు.

డబ్బు ఏ రూపంలో తీసుకోవాలి

నగదు తేలిక, కానీ హద్దులున్నాయి. డిపాజిట్ 20,000 లేదా ఆపైన అయితే నగదు తీసుకోకండి, నగదుగా తిరిగి ఇవ్వకండి, డిపాజిట్ల విషయంలో ఆదాయపు పన్ను చట్టం గీసిన గీత అది. ఒకే మనిషి దగ్గర ఒకే రోజు 2 లక్షలు లేదా ఆపైన నగదు ఏ పేరుతోనూ తీసుకోకూడదు. పెద్ద సెంట్రింగ్ ఆర్డర్లు తీసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

యూపీఐ మన చిన్న డిపాజిట్లకి అన్నిటికన్నా మంచిది. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ డబ్బుకి, రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి నుంచి వ్యాపారికి చార్జీ లేదు. క్యూఆర్ మీద వచ్చిందంతా ఉచితమే అనుకోకండి, రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకుని కట్టేవాళ్ళు పెరిగారు, 2,000 దాటితే దానికి చార్జీ పడుతుంది. క్యూఆర్ షాపు పేరు మీద, బిజినెస్ ఖాతాది పెట్టుకోండి. ఆయన ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూసి మెషీన్ ఇవ్వకండి, దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. మీ సౌండ్ బాక్సు పలకాలి, లేదా మీ యాప్‌లో పడాలి. వారానికోసారి క్యూఆర్ స్టిక్కర్ మీద ఇంకొకరి స్టిక్కర్ అంటించారేమో గోటితో గీకి చూడండి.

ఇక కార్డులు. డెబిట్ కార్డుకి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పరిమితి ఉంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమైతే స్వైపింగ్ మెషీన్ మీద 0.40 శాతం, అంతకు మించితే 0.90 శాతం, అంతకన్నా ఎక్కువ పట్టకూడదు. క్రెడిట్ కార్డుకి అలాంటి పరిమితి లేదు, మీ బ్యాంకుతో మీ ఒప్పందమే. 2 శాతం అనుకుందాం. జనరేటర్‌కి పది వేలు డిపాజిట్ క్రెడిట్ కార్డు మీద గీస్తే 200 చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 36, మొత్తం 236 పోతుంది. రెండు రోజుల తర్వాత పది వేలూ రీఫండ్ చేస్తాం, ఆ 236 వెనక్కి వస్తుందో రాదో మీ ఒప్పందంలో చూసుకోండి, మాకైతే రాలేదు. మన డబ్బు కాని దాని మీద మనం చార్జీ కట్టడం అన్నమాట. నెలకి ఇలాంటివి ఇరవై జరిగితే 4,720.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది ప్రీ ఆథరైజేషన్, హోటళ్ళలో చేసేది అదే. కార్డు మీద పది వేలు బ్లాక్ అవుతుంది కానీ మన ఖాతాలోకి రాదు. మెషీన్ బాగా తిరిగొస్తే ఆ బ్లాక్ వదిలేస్తాం, అద్దె, కోత ఉంటే అంతవరకే తీసుకుంటాం. మీ స్వైపింగ్ మెషీన్‌లో ఇది ఆన్ అయి ఉండాలి, ఉందా అని, ఎన్ని రోజులు నిలుస్తుందని, డెబిట్ కార్డులకి కూడా పనిచేస్తుందా అని మీ బ్యాంకుని మూడు ప్రశ్నలూ అడగండి. ఆ రోజులు దాటాక బ్లాక్ దానంతటదే పోతుంది, నెల రోజుల సెంట్రింగ్ అద్దెకి ఇది పనికిరాదు. రెండోది వాయిడ్. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చిచ్చే అద్దెలకి ఇది చాలు. ఆ రోజు సెటిల్‌మెంట్, అంటే రోజు లావాదేవీలు బ్యాంకుకి వెళ్ళి ఖరారు కావడం, జరగకముందే వాయిడ్ కొడితే పొద్దుటి లావాదేవీ రద్దయిపోతుంది, తర్వాత అద్దె వరకే మళ్ళీ గీసుకుంటాం. సెటిల్‌మెంట్ ఎన్నింటికి అవుతుందో తెలుసుకుని, ఆ టైము కౌంటరు దగ్గర రాసి పెట్టండి.

డెబిట్ కార్డుకి అదనంగా 2 శాతం కస్టమర్ దగ్గర వసూలు చేయకండి, అది రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోదు. ఆ ఖర్చు అద్దెలోనే కలుపుకోండి. ఇంకొకటి, కార్డు ముందూ వెనకా ఫోటో తీసి ఉంచుకోవడం ఈరోజే మానేయండి. 2022 అక్టోబరు 1 నుంచి షాపులు కార్డు నంబర్లు దాచుకోకూడదు. మన ఫోన్ పోతే ఆ కార్డులన్నీ పోయినట్టే. పిన్ను కూడా కస్టమరే కొట్టుకోవాలి, మెషీన్ ఆయన చేతికివ్వండి. "మీరే కొట్టండి, 4..." అని గట్టిగా చెప్పేస్తుంటారు పెద్దవాళ్ళు, మధ్యలోనే ఆపండి.

ఒక్కోసారి ఆయనకి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, మన మెషీన్ మీద ఫెయిల్ అని వస్తుంది. టెన్షన్ పడకండి, ఆయన్నీ పడనివ్వకండి. అలాంటి డబ్బు ఐదు రోజుల్లో వెనక్కి పడాలి, ఆలస్యమైతే రోజుకి 100 చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి, 2019 నుంచి ఉన్న నిబంధన ఇది. ఫెయిల్ అయిన స్లిప్పు ఆయనకిచ్చి, ఇంకో రూపంలో కట్టించుకోండి.

లెక్క వేరుగా

డిపాజిట్లకి వేరే ఖాతా తెరవండి. కుదరకపోతే వేరే రిజిస్టర్ అయినా పెట్టండి, రోజూ రాత్రి మన దగ్గర ఉన్న కస్టమర్ల డబ్బు మొత్తం ఎంత అని ఒక అంకె వేసుకోవాలి. ఆ అంకె కన్నా ఖాతాలో తక్కువుంటే కస్టమర్ డబ్బు వాడేసుకున్నట్టే. ఆషాఢంలో పనులు తగ్గినప్పుడు నేను అదే చేశాను, ఒక మేస్త్రీకి పది వేలు ఇవ్వడానికి నాలుగు రోజులు తిప్పాను. ఆ నాలుగు రోజులు ఆయన ఫోన్ చేసినప్పుడల్లా నాకు సిగ్గేసింది.

జీఎస్టీ ఉన్నవాళ్ళు డిపాజిట్ మీద పన్ను కట్టక్కర్లేదు, తిరిగివ్వాల్సిన డబ్బు అద్దె కింద సర్దుకున్నప్పుడే అది మన రాబడి అవుతుంది. అందుకే డిపాజిట్‌కి రసీదు, అద్దెకి బిల్లు, రెండూ వేరు. "డిపాజిట్‌లోనే అద్దె పట్టుకోండి" అని కస్టమర్ అంటే ఆ పట్టుకున్న మొత్తానికి ఆరోజే బిల్లు వేయండి. కోతల సంగతి మీ ఆడిటర్‌ని ఒకసారి అడిగి రాయించుకోండి.

తిరిగి తెచ్చినప్పుడు

ఆటోలోంచి దించగానే, ఆయన వెళ్ళకముందే, పది నిమిషాల్లో చూసేయాలి. ఆన్ చేయండి, మళ్ళీ వీడియో తీసి పొద్దుటి వీడియో పక్కన పెట్టి పోల్చండి. "రేపు మా కుర్రాడు చూసి చెప్తాడు" అన్నామంటే రేపు మనం ఏం చెప్పినా నమ్మరు. కోత ఉంటే కాగితంలో ఉన్న అంకె చూపించి, పాత పార్టు ఆయన చేతికిచ్చి, పాయింటు మొన విరిగిందంటే కొత్తది పక్కన పెట్టి చూపించండి. వాడకంలో సహజంగా అరిగేదానికి కోయకండి, మోటారులోని కార్బన్ బ్రష్షులు అరగడానికే ఉన్నాయి, దానికి మనం అద్దె తీసుకున్నాం.

డబ్బు ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే వెనక్కి పంపాలి. ఈ గైడు అంతటిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. కార్డు మీద వచ్చింది అదే కార్డుకి, యూపీఐ వచ్చింది అదే ఐడీకి, యాప్‌లో ఉన్న రీఫండ్ బటన్ నుంచి. క్రెడిట్ కార్డు మీద ఇరవై వేలు కట్టి, మర్నాడు మెషీన్ వాడకుండానే తెచ్చి "నాకు అర్జెంటు, నగదు ఇచ్చేయండి" అనేవాళ్ళుంటారు. ఇంకొకరి ఖాతా నుంచి డిపాజిట్ వేయించి, "మా తమ్ముడి నంబరుకి పంపండి" అనేవాళ్ళుంటారు. మొదట వచ్చిన డబ్బు ఎవరో మోసపోయిన మనిషిదైతే, ఆయన కంప్లయింట్ ఇచ్చిన రోజున పోలీసుల నుంచి బ్యాంకుకి మాట వెళ్తుంది, మన ఖాతాలో ఆ మొత్తం హోల్డులో పడుతుంది, ఒక్కోసారి ఖాతా మొత్తం ఆగిపోతుంది. నగదు ఇచ్చేశాం కాబట్టి డబ్బు రెండుసార్లు పోయినట్టు. "మా షాపు పద్ధతి ఇంతేనండీ, వచ్చిన ఖాతాకే వెళ్తుంది" అని మర్యాదగా చెప్పండి, నిజమైన కస్టమర్ ఎవరూ కోప్పడరు.

కార్డు రీఫండ్‌కి కొన్ని రోజులు పడుతుందని డిపాజిట్ తీసుకునేటప్పుడే చెప్పండి. రీఫండ్ స్లిప్పు ఇచ్చి, దాని మీద రిఫరెన్సు నంబరు చుట్టూ పెన్నుతో గీయండి, ఆయన బ్యాంకు అడిగేది ఆ నంబరే.

గొడవ బ్యాంకు దాకా వెళ్తే

"ఈ లావాదేవీ నేను చేయలేదు" అనో, "డిపాజిట్ ఇవ్వలేదు" అనో కస్టమర్ తన బ్యాంకుకి రాస్తే అది చార్జ్‌బ్యాక్‌గా మన దగ్గరికి వస్తుంది. జవాబివ్వడానికి గడువు తక్కువ, మెయిల్ చూడకపోతే డబ్బు పోయినట్టే. సంతకం ఉన్న కాగితం, కార్డు గీసినప్పుడు వచ్చిన స్లిప్పు, రెండు వీడియోలు, రీఫండ్ స్లిప్పు, ఇవి పంపిస్తే చాలు. స్లిప్పు మీద అక్షరాలు మన ఎండలకి మూడు నెలల్లో ఎగిరిపోతాయి, అదేరోజు ఫోటో తీసి కస్టమర్ పేరుతో దాచండి. నేను ఏడాదిన్నర ఉంచుతాను. మోసం జరిగిందని తెలిస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగితేనే దొరుకుతుంది.

శనివారం రాత్రి రిజిస్టర్ తీసి, మెషీన్ వచ్చేసినా డిపాజిట్ వెళ్ళనివి ఎన్ని ఉన్నాయో చూడండి. కొందరు కుర్రాడితో మెషీన్ పంపించి డిపాజిట్ మర్చిపోతారు, కొందరు ఊరెళ్ళిపోతారు. వాళ్ళకి మనమే ఫోన్ చేయాలి. కంకిపాడు నుంచి వైబ్రేటర్ తీసుకెళ్ళిన ఒకాయనకి రెండు నెలల తర్వాత ఫోన్ చేసి, మీ రెండు వేలు మా దగ్గరే ఉన్నాయండీ అంటే కాసేపు మాట్లాడలేదు, మళ్ళీ వారం ఇల్లు కట్టే తన బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు.